కంప్యూటరులోని కొట్టుగది

మహాశివరాత్రినాడు వేములవాడ జనసముద్రమగును. ధర్మగుండమున స్నానమాడి, కోడెమ్రొక్కు తీర్చి, రాజరాజేశ్వరస్వామిని సేవించిన యాత్రికులు ప్రసాదమునకై బారులు తీరుదురు. ప్రసాదము నందించువాడు ఎంత చురుకైనవాడైనను, వెనుక కొట్టుగదినుండి గంపలు తెచ్చువాడు మెల్లగా నడచినచో బారు కదలదు గదా!

కంప్యూటరు పనియు నిట్టిదే. అందులో ప్రాసెసరు అందించువాడు. ర్యాము అతని చేరువనున్న బల్ల. విద్యుత్తు పోయినంతనే ఆ బల్లమీదిదంతయు మాయమగును. పాఠములు, చిత్రములు, ప్రోగ్రాములు చెరగక నిలుచు కొట్టుగది హార్డ్ డిస్కు.

1956 లో ఐ.బి.ఎం. సంస్థ తొలి హార్డ్ డిస్కును వెలువరించెను. రెండడుగుల వ్యాసముగల 50 పళ్ళెములు నిమిషమునకు 1200 మారులు తిరుగుచు, 50 లక్షల అక్షరములను మాత్రమే దాచెడివి. నేడు జేబులో పట్టు డిస్కు దానికి లక్షల రెట్లు దాచగలదు. కాని పద్ధతి మారలేదు. అయస్కాంతపు పూతగల పళ్ళెము తిరుగుచుండగా, చిన్న శిరస్సొకటి దానిని తాకకుండ తేలుచు చదువును.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. నిమిషమునకు 7200 మారులు తిరుగు పళ్ళెము ఒక చుట్టు తిరుగుటకు 8.3 మిల్లీసెకనులు పట్టును. కావలసిన చోటు శిరస్సు క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు వేచియుండవలెను. 5400 మారులే తిరుగుదానికి ఈ నిరీక్షణము 5.6 మిల్లీసెకనులు. శిరస్సు సరియైన వలయమునకు జరుగుటకు మరి పది వరకు పట్టును. మొత్తము సెకనులో వేయింట పదునైదు వంతులు! ఇదియు నొక ఆలస్యమా యని తోచవచ్చును. కాని కంప్యూటరు మేల్కొనునపుడు వేలకొలది చిన్న ఫైళ్ళను తలకొక చోటినుండి తేవలసియుండును. వేయి మారులు వేచినచో పదునైదు సెకనులు గడచును. అంతసేపును ప్రాసెసరు చేతులు ముడుచుకొని కూర్చుండును.

ఎస్.ఎస్.డి. యనుదానిలో తిరుగునదేదియు లేదు. చిప్పులలో విద్యుదావేశ రూపమున సమాచారము నిలుచును. ఒక్కొక్కదానిని వెదకుటకు మిల్లీసెకనులో పదవవంతు చాలును. వేయింటికిని సెకనులో పదవవంతే.

వేములవాడకు చేరువనున్న సిరిసిల్లలో మరమగ్గము నడుపు తండ్రి, కూతురి చదువునకై కూడబెట్టిన సొమ్ముతో అంగడికి పోయెననుకొనుడు. ఒకదానిపై 1 టెరాబైటు హార్డ్ డిస్కనియు, మరియొకదానిపై 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. యనియు వ్రాసియుండును. పెద్ద అంకె కంటికింపుగా నుండును. చదువునకు రెండవదియే మేలు. ఇంట పాత కంప్యూటరున్నచో, డిస్కు మాత్రము మార్పించినను పెక్కుమారులు అది చురుకగును. ఖర్చు క్రొత్తదాని వెలలో కొద్దిభాగమే. ర్యాము చాలనిచోట గాని, ఇంటర్నెట్టు మందముగా నున్నచోట గాని ఈ చికిత్స పూర్తిగా పనిచేయదు.

అట్లని హార్డ్ డిస్కు పనికిమాలినది కాదు. పెండ్లి వీడియోలు భద్రపరచువారికి ఎక్కువ చోటు, తక్కువ వెల కావలెను. వరుసగా చదువు పెద్ద ఫైలులో శిరస్సు పరుగులు తక్కువ. అందువలన ఆలస్యము బాధింపదు. డిస్కు మార్పించువారు ముందుగా తమ ఫైళ్ళను వేరొకచోట నకలు తీసికొని, పాత డిస్కును తమకే తిరిగి యిమ్మని అంగడివానిని అడిగి తెచ్చుకొందురు.