కార్ స్పీకర్స్: కంపెనీ స్పీకర్లు మార్చేస్తున్నారా? డబ్బులు కట్టే ముందు ఈ టెస్ట్ చేయండి

కొత్త కారు ఇంటికి రాగానే చాలామంది వెళ్లేది యాక్సెసరీస్ షాపుకే. సీట్ కవర్లు, మ్యాట్‌లు అయ్యాక మాట స్పీకర్ల మీదకి మళ్లుతుంది. కంపెనీవి పేపర్ స్పీకర్లని, అవి తీసేస్తేనే సౌండ్ బాగుంటుందని షాపులో చెప్తారు. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే డబ్బూ పోతుంది, వారంటీకీ ఇబ్బంది వస్తుంది.

కంపెనీ స్పీకర్లలో తక్కువేంటి?

బడ్జెట్ కార్లలో వచ్చే స్పీకర్లకు సాధారణంగా ప్లాస్టిక్ ఫ్రేమ్, చిన్న మ్యాగ్నెట్, పల్చటి పేపర్ కోన్ ఉంటాయి. ఖర్చు, బరువు తగ్గించడానికే కంపెనీలు ఇలా చేస్తాయి. లోయర్ వేరియంట్లలో చాలావాటికి ట్వీటర్లు కూడా ఉండవు. అందుకే పాటలో మాటలు, తాళాలు, గజ్జెల లాంటి సన్నటి శబ్దాలు స్పష్టంగా వినిపించవు. అయితే పేపర్ అయినంత మాత్రాన స్పీకర్ చెడ్డది కాదు. ఖరీదైన హోమ్ ఆడియో స్పీకర్లలోనూ పేపర్ కోన్ వాడతారు. తేడా తయారీలో ఉంటుంది.

బయట కొనే వాటిలో రెండు రకాలున్నాయి. ఒకే స్పీకర్ మధ్యలో ట్వీటర్ బిగించి వచ్చేది కోయాక్సియల్. డోర్‌లో పెద్ద స్పీకర్, పైన ట్వీటర్, మధ్యలో క్రాసోవర్ వేర్వేరుగా వచ్చేది కాంపోనెంట్ సెట్. ట్వీటర్ చెవి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, రెండోదానిలో పాట కాళ్ల దగ్గర నుంచి కాకుండా డ్యాష్‌బోర్డ్ మీద నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

50 వాట్స్ అని రాసి ఉంటే అంతా వస్తుందా?

రాదు. స్టీరియో మీద ‘50 వాట్స్ x 4’ అని ఉన్నా అది పీక్ లెక్క. కారు నడుస్తున్నప్పుడు కరెంట్ సుమారు 14.4 వోల్టులు. విడిగా ఆంప్లిఫయర్ లేకుండా, ఆ వోల్టేజ్‌తో 4 ఓమ్స్ స్పీకర్‌కు లెక్క ప్రకారమే 26 వాట్స్ దాటదు. నష్టాలు పోగా చేతికొచ్చేది సుమారు 15 నుంచి 20 వాట్స్. దీన్నే ఆర్‌ఎంఎస్ పవర్ అంటారు.

అంటే 100 వాట్స్ ఆర్‌ఎంఎస్ తీసుకునే భారీ స్పీకర్లు తెచ్చి కంపెనీ స్టీరియోకి కలిపితే, పాతవాటికంటే సౌండ్ తగ్గినట్టు అనిపించొచ్చు. ఆంప్లిఫయర్ పెట్టే ఆలోచన లేకపోతే బాక్స్ మీద చూడాల్సింది వాట్స్ కాదు, సెన్సిటివిటీ. ఇది 88 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ కంటే 91 ఉన్నది సగం పవర్‌తోనే అంతే సౌండ్ ఇస్తుంది.

ముందు ఈ టెస్ట్ చేయండి

ఈక్వలైజర్ మొత్తం సున్నాలో పెట్టండి. లౌడ్‌నెస్ ఆఫ్ చేయండి. మంచి క్వాలిటీ పాటను యూఎస్‌బీలో వేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి వినండి.

* తక్కువ వాల్యూమ్‌లోనే గరగర వస్తుంటే: స్పీకర్ పాడై ఉండొచ్చు, లేదా కనెక్షన్ లూజ్. మార్చడం సరైనదే.
* వాల్యూమ్ బాగా పెంచినప్పుడే పగిలినట్టు ఉంటే: ముందు స్టీరియో పవర్ సరిపోవడం లేదేమో చూడాలి. అదే కారణమైతే కొత్త స్పీకర్లు పెట్టినా అంతే. ఆంప్లిఫయర్ కావాలి.
* బేస్ వచ్చినప్పుడు డోర్ దడదడలాడుతుంటే: సమస్య డోర్‌ది. కారులో స్పీకర్‌కు బాక్స్ డోరే. స్పీకర్ వెనక నుంచి వచ్చే శబ్దం సందుల్లోంచి ముందుకు వచ్చి కలిస్తే బేస్ చచ్చిపోతుంది. డ్యాంపింగ్ షీట్లు వేసి, సందులు మూయిస్తే పాత స్పీకర్ల సౌండ్ కూడా మెరుగవుతుంది.

బ్రాండెడ్ ఆడియో ఉన్న కార్ల సంగతేంటి?

హ్యుందాయ్ క్రెటా టాప్ వేరియంట్లలో బోస్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో సోనీ, టాటా హారియర్‌లో జేబీఎల్ సిస్టమ్‌లు వచ్చాయి. ఇలాంటి సిస్టమ్‌లలో ఆంప్లిఫయర్‌ను ఆ కారు క్యాబిన్‌కి, ఆ స్పీకర్లకి తగ్గట్టు ట్యూన్ చేస్తారు. కొన్ని ప్రీమియం సిస్టమ్‌లలో స్పీకర్ 4 ఓమ్స్ కాకుండా 2 ఓమ్స్ కూడా ఉంటుంది. అందులో ఒక్క స్పీకర్ మార్చినా లెక్క తప్పుతుంది. వీటిని కదపకపోవడమే మంచిది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

వైర్లు కత్తిరించి టేప్ చుట్టనివ్వొద్దు. చాలా మోడళ్లకు కప్లర్లు దొరుకుతాయి. వైరింగ్ కోస్తే, రేపు ఎలక్ట్రికల్ సమస్య వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వారంటీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. పాత స్పీకర్లు ఇంటికి తెచ్చుకోండి, కారు అమ్మేటప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు.

డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీట్ ఉంటుంది. వర్షంలో అద్దం పక్కనుంచి దిగే నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. చింపేసి వదిలేస్తే వానాకాలంలో మ్యాట్‌లు తడుస్తాయి. ప్యాడ్ మూసే ముందు అద్దం పూర్తిగా కిందకి దించి, మ్యాగ్నెట్‌కు తగలడం లేదని చూసుకోవాలి. ప్లస్, మైనస్ తిరగబడితే రెండు స్పీకర్లూ మోగుతాయి కానీ బేస్ మాయమవుతుంది.

ఆంప్లిఫయర్ పెట్టిస్తే బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. అది లేకుండా వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలు రావచ్చు. ఈ విషయంలో రాజీ పడొద్దు.

మరి ఏం చేయాలి?

బడ్జెట్ తక్కువైతే ముందు రెండు డోర్లకు డ్యాంపింగ్, ఒక మంచి కాంపోనెంట్ సెట్ చాలు. వెనక స్పీకర్లు కంపెనీవే ఉంచినా నష్టం లేదు. ఇంకా కావాలనిపిస్తే తర్వాత ఆంప్లిఫయర్, ఆ తర్వాతే సబ్‌వూఫర్. షాపులో రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు మీరు రోజూ వినే పాటే వేయించి, రెండూ ఒకే వాల్యూమ్‌లో వినండి. కాస్త గట్టిగా మోగేది ఎవరికైనా బాగున్నట్టే అనిపిస్తుంది. ఆ ఒక్క కారణంతో బిల్లు కట్టేయకండి.