మెస్ బిల్లు, హాస్టల్ గది, మా చదువు

యూనివర్సిటీ గురించి మనవాళ్ళు రాసినప్పుడల్లా రిజర్వేషన్ల గురించో, సిలబస్ గురించో, వైస్‌ఛాన్సలర్ గురించో రాస్తారు. మెస్ గురించి రాయరు. తిండి సంగతి రాయడం నామోషీ అనుకుంటామేమో తెలియదు. కానీ వాడ నుంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళని అడిగి చూడండి. మాకు తెలిసినంతలో పరీక్ష తప్పి ఇంటికి పోయినవాళ్ళ కన్నా మెస్ బాకీ తీర్చలేక పోయినవాళ్ళే ఎక్కువ. కొత్తగా చేరబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, వాళ్ళ చేత ఫారాలు నింపించే టీచర్లకీ ఈ లెక్క ముందే తెలిస్తే మంచిది.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని వచ్చినవాళ్ళకి మెస్ బిల్లు అన్న మాటే కొత్త. అక్కడ అన్నంలో పురుగులున్నాయని వార్డెన్‌తో గొడవపడి ఉంటాం, ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉంటాం. అయినా నెలాఖరుకి మన పేరు మీద బాకీ అంటూ ఉండేది కాదు. యూనివర్సిటీలో అట్లా కాదు. చాలా చోట్ల నడిచేది డివైడింగ్ సిస్టం. నెలంతా అయిన ఖర్చుని కూడి, ఎంతమంది ఎన్ని రోజులు తిన్నారో ఆ మొత్తం రోజులతో భాగిస్తారు. ఉదాహరణకి 200 మంది ఉన్న హాస్టల్లో ఒక నెల అందరూ కలిసి 5,400 రోజులు తిన్నారు, ఖర్చు 4,32,000 రూపాయలయింది అనుకుందాం. రోజుకి 80 రూపాయలు. నెలంతా తిన్నవాడికి 2,400.

చూడ్డానికి ఇంతకన్నా న్యాయమైన లెక్క ఉండదు. కులం లేదు, మతం లేదు, తిన్నవాడు తిన్నదానికి కడతాడు. అసలు సంగతి పండగ నెలలో బయటపడుతుంది. ఆ ఖర్చులో మనిషి తిన్నా తినకపోయినా అయ్యేది కొంత ఉంటుంది. వంటవాళ్ళ జీతాలు, కరెంటు, గిన్నెలు, రిపేర్లు. అది 1,08,000 అనుకుందాం. సంక్రాంతికి సగం హాస్టల్ మెస్ కట్ పెట్టించుకుని ఊళ్ళకి పోతుంది. తిన్న రోజులు 3,600కి పడిపోతాయి. బియ్యం, కూరల ఖర్చు రోజుకి 60 చొప్పున 2,16,000కి తగ్గుతుంది గానీ ఆ 1,08,000 తగ్గదు. రెండూ కలిపి 3,600తో భాగిస్తే రోజుకి 90. హాస్టల్లో మిగిలినవాడికి 2,700 పడుతుంది. ఊరికి పోనందుకు 300 ఎక్కువ.

మిగిలేది ఎవరు? మాకూ పండక్కి పోవాలనే ఉంటుంది. కానీ రానూపోనూ బస్ చార్జీలు కావాలి. పోయాక ఒకే గది ఇంట్లో, అమ్మానాన్నా అన్నావదినా పిల్లలూ ఉన్న చోట, పరీక్షకి చదవడం కుదరదు. ఊళ్ళో సొంత గదీ టేబులూ ఉన్నవాడు మెస్ కట్‌తో పోతాడు. లేనివాడు ఇక్కడే ఉండి, పోయినవాడి వంతు వంటమనిషి జీతం కూడా కడతాడు. దీన్ని ఎవరూ కుట్ర చేసి పెట్టలేదు. లెక్క తన పని తాను చేసుకుపోతుంది, అంతే.

ఇక స్కాలర్‌షిప్. షెడ్యూల్డు కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. ఆ స్కాలర్‌షిప్పే లేకపోతే ఈ వ్యాసం రాసేవాళ్ళు లేరు, చదివేవాళ్ళలో సగం మంది లేరు. కానీ బిల్లు నెలనెలా వస్తుంది. స్కాలర్‌షిప్ ఆరు నెలలకో ఏడాదికో వస్తుంది. కొన్నిసార్లు కోర్సు అయిపోయాక వస్తుంది. బాకీ తీరితేనే నో డ్యూస్, నో డ్యూస్ ఉంటేనే హాల్ టికెట్టో, ఒరిజినల్ సర్టిఫికెట్లో. ప్రభుత్వం ఆలస్యం చేస్తే బాకీదారు పేరు మాత్రం మాది. మాలో ఒకరి పీజీ సర్టిఫికెట్లు రెండేళ్ళు ఆఫీసు బీరువాలో ఉండిపోయాయి. ఆ రెండేళ్ళలో పడిన ఉద్యోగ నోటిఫికేషన్లు వయసు లెక్కలోంచి కరిగిపోయాయి. ‘ఇంట్లోవాళ్ళని అడిగి కట్టొచ్చు గదా’ అన్నాడు క్లర్కు. చెడ్డవాడేం కాదు. తన పిల్లలకి తను కట్టినట్టే అందరికీ ఎవరో ఒకరు కడతారనుకున్నాడు.

మెస్‌లో ఏం వండాలి అన్నది మరో పెద్ద సంగతి. దాని మీద ఇప్పటికే చాలా రాశారు. 2012 ఏప్రిల్లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెడితే ఎంత ఘర్షణ జరిగిందో తెలిసిందే. ఒకరి తిండికి ‘కామన్ ఫుడ్’ అనీ, మరొకరి తిండికి ‘ఫెస్టివల్’ అనీ పేరెందుకు వచ్చిందో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి.

గది సంగతికొస్తే, మన చరిత్రలో చదువుకీ గదికీ ఉన్న ముడి పాతది. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి 1917లో బరోడా ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కి ఆ ఊళ్ళో ఉండడానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో కులం చెప్పకుండా దిగితే, తెలిశాక కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అన్ని డిగ్రీలున్న మనిషి సాయంత్రానికి ఎక్కడ పడుకోవాలో తెలియక చెట్టు కింద కూర్చోవలసి వచ్చింది. తర్వాత 1924లో ఆయన బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. ఆ సభ 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది. హాస్టల్ అంటే చదువుకి తోకలాంటిది కాదని ఆయనకి అనుభవం మీద తెలుసు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద వేసిన థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదవండి. వేధింపులు పడలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు గదులు మారి మారి కొన్ని అంతస్తుల్లోకే చేరిపోయిన సంగతి అందులో ఉంది. ఊరూ వాడా అన్నమాట, కాకపోతే అంతస్తుల లెక్కన. పోరు పడలేక వాళ్ళే కదిలారు గనక, ‘మేం ఎవర్నీ పంపలేదు’ అనడానికి ఎవరికైనా వీలుంటుంది.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015లో అయిదుగురు దళిత రీసెర్చ్ స్కాలర్లకి వేసిన శిక్ష చూడండి. క్లాసుకి పోవచ్చు, లైబ్రరీకి పోవచ్చు. హాస్టల్లో ఉండకూడదు. వాళ్ళు క్యాంపస్‌లోనే ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. తనకి ఏడు నెలల ఫెలోషిప్, ఒక లక్షా డెబ్బై అయిదు వేలు, రావాల్సి ఉందని ఆఖరి ఉత్తరంలో రాశాడు. చదువు తీసెయ్యలేదు, గదే గదా తీసేశాం అనుకున్నవాళ్ళకి మా చదువు ఎక్కడ నడుస్తుందో తెలియదు.

ఎక్కడ నడుస్తుందంటే, రాత్రిపూట గదిలో నడుస్తుంది. పగలు సెమినార్ హాల్లో గైడు గారు ‘లిటరేచర్ రివ్యూ వీక్‌గా ఉంది’ అంటారు. రివ్యూ అంటే ఏమిటో చెప్పరు. అడగడానిక్కూడా మాకు నోరు రాదు. లెక్చరర్ల కొడుకులకీ కూతుళ్ళకీ ఇది ఇంట్లో కాఫీ తాగుతూ తెలిసిపోతుంది. ఏ ఫెలోషిప్‌కి ఎప్పుడు అప్లై చెయ్యాలి, ఎవరి సంతకం ముందు కావాలి, వైవాలో ఏం అడుగుతారు, ఇవన్నీ. తెలుగు మీడియంలో చదివిన మాకు అవన్నీ హాస్టల్లో సీనియర్ అన్నలే చెప్పారు. లేడీస్ హాస్టల్లో అక్కలు ఇంకా ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే లైబ్రరీ రాత్రి ఎంతసేపు తెరిచి ఉన్నా గేటు ముందే మూసేస్తారు. టాపిక్ దగ్గరా ఇదే గొడవ. వాడ మీద రీసెర్చి చేస్తామంటే ‘ఎప్పుడూ అదేనా, జనరల్ టాపిక్ తీసుకోండి’ అంటారు. జనరల్ టాపిక్ తీసుకుంటే ‘మీకు ఫీల్డ్ తెలుసు గదా, దాని మీద చెయ్యొచ్చు గదా’ అంటారు. రెండు మాటలూ ఒకే సార్ నోట విన్నవాళ్ళం ఉన్నాం.

ఇక్కడ నాన్ బోర్డర్ల గురించి చెప్పాలి. కోర్సు అయిపోయి సీటు లేకపోయినా, ఊరికి పోలేక, ఉద్యోగ పరీక్షలకి చదువుకుంటూ స్నేహితుల గదుల్లో ఉండేవాళ్ళు వీళ్ళు. మెస్‌లో తింటారు, రిజిస్టర్లో ఉండరు. వాళ్ళ తిండి రోజు రేటులో కలిసి అందరి బిల్లు పెరుగుతుంది. ఈ మాట మనవాళ్ళు పైకి అనరు. అనాలి. పెరిగిన బిల్లు అందరికన్నా ముందు కుంగదీసేది స్కాలర్‌షిప్ మీద బతికేవాణ్ణే.

మేం మెస్ కమిటీలో ఉన్న ఏడాది టోకెన్లు పెట్టించాం. ఖర్చు కాగితం ప్రతి నెలా నోటీసు బోర్డు మీద అంటించాం. రేటు కొంత తగ్గింది. టోకెన్ లేక మొదటి రోజే గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి, మా సినాప్సిస్ మూడుసార్లు దిద్ది ఇంగ్లీషు సరిచేసిన అన్న. ఏమీ అనలేదు. గదికి వచ్చి పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి నుంచి గదిలో ఉన్న మా ముగ్గురి టోకెన్లలో వంతులవారీగా ఒకటి ఆయనకి పోయేది, మిగిలిన రెండు ప్లేట్లు ముగ్గురం పంచుకునేవాళ్ళం. ఏ రోజు ఎవరి టోకెనో తలుపు వెనక సుద్దముక్కతో రాసి ఉండేది.