కదిలే దంతం, కరిగిన ఎముక

రాయ్‌పూర్, పరిసర ప్రాంతాలలో స్థిరపడిన మన ఉద్యోగుల కుటుంబాలకు 'గుడాఖు' కొత్త మాట కాదు. పొగాకును బెల్లపుమడ్డితో కలిపి చేసిన ఈ నల్లని ముద్దను ఛత్తీస్‌గఢ్‌లో స్త్రీపురుషులు పండ్లకు రుద్దుకొంటారు. 2016-17 జాతీయ సర్వేలో ఈ రాష్ట్రపు వయోజనులలో 39.1 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది.

పొగాకు చిగుళ్ళకు రక్తప్రసరణను తగ్గిస్తుంది. కనుక రక్తం కారడమనే తొలి హెచ్చరిక కూడ కనిపించకపోవచ్చును. గార క్రింద సూక్ష్మజీవులు చేరి, శరీరం వాటితో పోరాడే క్రమంలో, దంతాన్ని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. పన్ను కదిలిన తరువాత "తీయించేద్దాం" అంటారు. అన్ని సందర్భాలలోనూ అది అవసరం కాదు.

కరిగినచోట ఎముకను పెంచే ప్రయత్నం పాతదే. 1923లో హెగెడస్ అనే వైద్యుడు రోగి కాలి ఎముకను తీసి దవడలో అమర్చాడు. నేడు రోగి సొంత ఎముకతోపాటు, శుద్ధిచేసిన దాతల ఎముక, పశువుల ఎముక, కృత్రిమ పదార్థాలు వాడుకలో ఉన్నాయి. దాతల కణజాలం కోసం ముంబైలోని టాటా స్మారక ఆసుపత్రి 1988లోనే ఒక బ్యాంకును నెలకొల్పింది. పశువుల ఎముక అంటే కొన్ని ఇండ్లలో అభ్యంతరం ఉండవచ్చును. ఏ పదార్థం పెడుతున్నారో శస్త్రచికిత్సకు ముందే అడగడానికి సంకోచించనక్కరలేదు. హైడ్రాక్సీఅపటైట్, బయోయాక్టివ్ గ్లాస్ వంటి కృత్రిమ పదార్థాలు ఉండనే ఉన్నాయి.

ఖనిజాంశం తొలగించిన ఎముకను కండరంలో ఉంచితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని 1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ చూపాడు. ఎముకలోనే పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్లున్నాయన్నమాట. ప్లేట్‌లెట్లలోనూ ఇటువంటి ప్రేరకాలున్నాయి. ప్రయోగశాలలో తయారైన అట్టి ప్రేరకానికి 2005లో అమెరికా అనుమతి లభించింది. దాని ఖరీదు ఎక్కువ. సామాన్యునికి అందుబాటులో ఉన్నది ఫ్రాన్స్ వైద్యుడు షుక్రూన్ 2001లో వెల్లడించిన పద్ధతి. రోగి రక్తాన్నే సుమారు 10 మిల్లీలీటర్లు తీసి, మందేమీ కలపకుండా యంత్రంలో వేగంగా త్రిప్పితే ప్లేట్‌లెట్లతో నిండిన ఫైబ్రిన్ ముద్ద ఏర్పడుతుంది. దానిని ఒంటరిగానో, ఎముక పొడితో కలిపియో గుంటలో నింపుతారు.

అయితే గుంట ఆకారమే ఫలితాన్ని చాలవరకు నిర్ణయిస్తుంది. మూడువైపులా ఎముక గోడలు మిగిలి ఉంటే, గట్లున్న మడిలో నీరు నిలిచినట్లు, పదార్థం నిలుస్తుంది. ఎముక అంతటా సమంగా దిగిపోతే దానికి పట్టు దొరకదు. ముందుగా గారను వ్రేళ్ళదాకా శుభ్రం చేసి, కొన్ని వారాల తరువాత మరల పరీక్షించిన పిమ్మటనే శస్త్రచికిత్స అవసరాన్ని నిర్ణయిస్తారు. ఎముక నిండినదీ లేనిదీ ఎక్స్‌రేలో తెలియడానికి ఆరు నెలలైనా పడుతుంది.

పొగాకు మానకపోయినా, మధుమేహం అదుపులో లేకపోయినా ఎంత ఖరీదైన పదార్థమైనా విఫలం కావచ్చును. గుడాఖు వాడకాన్ని, ముఖ్యంగా స్త్రీలు, వైద్యునికి చెప్పడానికి వెనుకాడుతారు. చికిత్స చెడడానికి అదొక్కటి చాలు. రాయ్‌పూర్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, ఇటీవలి రక్తపు చక్కెర నివేదిక వెంట తీసుకొని వెళ్ళవలెను.