కొండ కింద ఒరిగిన రాజు

బొబ్బిలి యుద్ధం ఎప్పుడు జరిగిందంటే బడిపిల్లలు కూడా 1757 అంటారు. పద్మనాభ యుద్ధం ఎప్పుడంటే పెద్దలు కూడా తడుముకుంటారు. 1794 జూలై 10న, విశాఖ జిల్లాలోని పద్మనాభం ఊళ్లో, కొండ పాదం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి ప్రాణం విడిచాడు.

కథ అసలు మొదలైంది బొబ్బిలిలోనే. అక్కడ బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు పెద విజయరామరాజు హతుడయ్యాక, వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారి మీద కోపంతో ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇద్దరూ కలిసి ఫ్రెంచి సేనను ఓడించారు. ఉత్తర సర్కారుల్లో కంపెనీ కాలు నిలదొక్కుకున్నది ఆ గెలుపుతోనే. పిలిచిన వంశానికి దక్కిన ఫలం చూడండి: కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) పెరిగింది, బకాయిలు పేరుకున్నాయి. 1793లో కల్నల్ ప్రెండర్‌గాస్ట్ విజయనగరం కోటనే పట్టుకున్నాడు. నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మని చిన విజయరామరాజుకు హుకుం వచ్చింది.

రాజు బయలుదేరాడు కానీ మచిలీపట్నం చేరలేదు. విజయనగరానికీ భీమిలికీ మధ్య, పద్మనాభంలో బంధుబలగంతో విడిది చేశాడు. పారిపోవాలనుకుంటే కొండలు అందుబాటులోనే ఉన్నాయి. ఆగి నిలబడ్డాడు. తెల్లవారుజామున ప్రెండర్‌గాస్ట్ విరుచుకుపడ్డాడు. గంట తిరక్కుండానే అంతా అయిపోయింది. నా మట్టుకు నాకిది యుద్ధం కన్నా, అవమానాన్ని ఒప్పుకోలేని మనిషి ఎంచుకున్న చావులా కనిపిస్తుంది. ఆయన కొడుకు నారాయణబాబును అనుచరులు మన్యం వైపు దాటించారు. తర్వాత కంపెనీ రాజీకొచ్చి జమీందారీ తిరిగిచ్చింది, కత్తిరించి మరీ.

బొబ్బిలికి బుర్రకథలున్నాయి, ఎన్టీఆర్ సినిమా ఉంది. పద్మనాభానికి ఆ భాగ్యం దక్కలేదు. తెలుగు రాజులు ఒకరినొకరు చంపుకున్న పోరును పాడుకున్నంతగా, కంపెనీని ఎదిరించిన పోరును మనం పాడుకోలేదు.

ఊరు మాత్రం యుద్ధం కన్నా పాతది. కొండ కింద కుంతీమాధవస్వామి, కొండ మీద అనంత పద్మనాభస్వామి. వెయ్యికి పైగా మెట్లెక్కాలి. పాండవులు ఇక్కడ తిరిగారని స్థలపురాణం. కార్తిక బహుళ అమావాస్య సాయంత్రం మెట్లన్నింటా దీపాలు పెడతారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కదిలొస్తారు, ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు. గోస్తనీ నది ఈ ప్రాంతాన్ని తడుపుతూ భీమిలిలో సముద్రంలో కలుస్తుంది.

ఇదే మండలంలో పాండ్రంగి ఉంది. 1897 జూలై 4న అల్లూరి సీతారామరాజు తాతగారింట పుట్టిన ఊరు అది. రాజు కూలిన నేలకూ, మన్యం వీరుడు పుట్టిన నేలకూ మధ్య దూరం తక్కువే, కాలం మాత్రం నూట మూడేళ్లు.

పిల్లల్ని బొబ్బిలి కోటకు విహారయాత్రగా తీసుకెళ్లే మాస్టార్లూ, ఈసారి బస్సును పద్మనాభంలోనూ ఆపించండి. మెట్లెక్కే ముందు 1794 సంగతి చెప్పండి, తిరుగుదారిలో పాండ్రంగి చూపించండి.