పిల్లల మనసుకు తగిలిన దెబ్బకు ఉచిత వైద్యం: తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

ప్రమాదం, వరద, ఇంట్లో కొట్లాటలు, లైంగిక వేధింపు, అయినవాళ్ల హఠాన్మరణం... ఇలాంటివాటి తర్వాత ఒంటి మీద గాయం మానినా పిల్లల మనసులో భయం ఉండిపోవచ్చు. దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు.

ఎలా గుర్తించాలి?
• రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, పీడకలలు
• ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం
• జరిగినదాన్నే ఆటలో పదేపదే ఆడటం
• ఆ చోటికి, ఆ మనిషి దగ్గరికి వెళ్లనని ఏడవడం
• పెద్దపిల్లలైతే ఊరికే కోపం, ఎవరితో కలవకపోవడం, చదువు తగ్గడం

చాలామందికి కొన్ని వారాల్లో ఇవి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే చూపించండి. "చచ్చిపోతా" అన్నా, తమను తాము గాయపరచుకున్నా అదేరోజు తీసుకెళ్లండి. ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు.

ఎవరిని అడగాలి?
1. టెలి మానస్ 14416: 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. ఆధార్, రేషన్ కార్డు అక్కర్లేదు.
2. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం.
3. పిల్లలకు ఆపద ఉంటే 1098.
4. లైంగిక వేధింపు అయితే సఖి కేంద్రం. తెలంగాణలో భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి.

కౌన్సెలింగ్‌లో ఏం చేస్తారు?
సాధారణంగా వారానికోసారి, మూడు నాలుగు నెలలు. ముందు భయం వేసినప్పుడు ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం లాంటివి నేర్పిస్తారు. తర్వాత బొమ్మలు గీయిస్తూ, ఆడిస్తూ, జరిగింది కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. మీతో కూడా మాట్లాడతారు. ఈ దశలో కొన్నాళ్లు పిల్లల చిరాకు, ఏడుపు పెరగొచ్చు. "తీసుకెళ్లాకే ఎక్కువైంది" అని మధ్యలో మానిపించకండి. కౌన్సెలర్‌కు చెప్పండి, వేగం తగ్గిస్తారు.

కేసు పెడితేనే వైద్యమా?
కాదు. లైంగిక వేధింపుకు గురైన బిడ్డకు అత్యవసర వైద్యం చేయడానికి ఆసుపత్రి ఎఫ్ఐఆర్, ఇతర కాగితాలు అడగకూడదు. అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టరైనా, కౌన్సెలరైనా అంతే. బిడ్డ పేరు, ఫొటో, ఊరు, స్కూలు పత్రికల్లో, టీవీల్లో రాకూడదని అదే చట్టం చెబుతోంది. కేసు నడిచినంతకాలం తోడుండే సహాయక వ్యక్తిని ఇవ్వమని బాలల సంక్షేమ కమిటీని అడగండి.

ఇంట్లో మీరు చేయాల్సింది
• "ఏం జరిగిందో చెప్పు" అని పదేపదే అడగొద్దు. తానుగా చెబితే మధ్యలో ఆపకుండా వినండి.
• "నీ తప్పు లేదు" అని చెప్పండి.
• చుట్టాల ముందు ఆ విషయం ఎత్తొద్దు.
• తిండి, నిద్ర, బడి వేళలు మార్చకండి.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ముందు 14416కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఎక్కడ చూపించాలో వాళ్లే చెబుతారు.