మూతపడిన మిల్లులు – మన వాటా

మిల్లు మూతపడిన తరువాత ఆ కట్టడము నేమి చేయవలెనను ప్రశ్న మనవారు స్థిరపడిన నేత పట్టణములలో తరచుగా వినవచ్చుచున్నది. కూల్చి స్థలము నమ్ముట ఒక మార్గము. కట్టడమును నిలిపి చేతిపనివారికి, చిత్రకారులకు, డిజైను వేయువారికి పనిచేయుచోటుగా ఇచ్చుట రెండవ మార్గము. ఈ రెండవ మార్గమును గురించి సంఘసభ్యులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున 1884లో ఒక నూలుమిల్లు స్థాపింపబడినది. ఇంగ్లండును మినహాయించిన యూరపులో కెల్ల పెద్ద నూలుమిల్లుగా అది పెరిగినది. మంచి దినములలో 2,40,000 కదురులు తిరిగెడివి. 4,000 మంది వరకు పనిచేసెడివారు. 1990లో రెండు జర్మనీలు ఏకమైన కొద్ది యేండ్లకే అచట నూలు వడుకుట ఆగిపోయినది. ఖాళీ గదులలో చౌక అద్దెకు చిత్రకారులు ఒక్కరొక్కరుగా చేరిరి. 2001లో మిల్లు చేతులు మారినప్పుడు కొత్త యజమానులును కట్టడములను నిలిపియే ఉంచిరి. నేడచట నూరుమంది వరకు చిత్రకారుల పనిగదులు, చిత్రములు అమ్ము శాలలు కలవు. రంగులు, కాన్వాసు అమ్ము దుకాణముకూడ ఆ ఆవరణలోనే యున్నది. పనిచేయుచోటు, సరుకు దొరకుచోటు, అమ్ముచోటు ఒక్కటే యగుటవలన కొనువారు అక్కడికే వచ్చుచున్నారు.

మిల్లు కట్టడము ఇట్టి పనికి బాగుగా తగును. యంత్రముల బరువు మోయుటకు కట్టిన నేల గట్టిది; కప్పు ఎత్తు; కిటికీలు పెద్దవి. ఱంపపు పళ్లవలె కప్పు వేసిన షెడ్లలో ఉత్తరపు దిక్కున అద్దము లుండును. నేరుగా ఎండ పడక, దినమంతయు ఒకే తీరున వెలుతురు వచ్చును. అద్దకపు రంగులు సరిచూచు మనవారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే కట్టడము నిలుచుట వేరు, పనివారు నిలుచుట వేరు. దీనికి ముంబయియే సాక్ష్యము. తెలంగాణ పల్లెలనుండి వెళ్లిన మన నేత కుటుంబములవారు అనేకులు అక్కడి మిల్లులలో పనిచేసిరి. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొనిరి. దాని తరువాత పెక్కు మిల్లులు కోలుకొనలేదు. మిల్లు స్థలమును వేరు ఉపయోగమునకు మార్చినచో ఒక భాగము ఊరికి తోటలు, మైదానములకును, ఒక భాగము గృహవసతికిని, మిగిలినది యజమానికిని చెందవలెనని 1991లో నియమము చేయబడినది. 2001లో ఆ పంపకము కట్టడములులేని ఖాళీ స్థలమునకే వర్తించునని సవరింపబడినది. 2006లో సుప్రీంకోర్టు సవరణనే నిలిపినది. వ్రాతలో కొన్ని మాటలు మారుటతో ఊరివాటా, గృహవసతివాటా కుదించుకపోయినవి. 1905లో స్థాపింపబడిన ఫీనిక్సు మిల్లు నేడు పెద్ద అంగళ్ల సముదాయము. పొగగొట్టము నిలిచియున్నది, మగ్గము మాత్రము లేదు.

మరియొక హెచ్చరిక. అదే ప్రాంతమున కమలా మిల్లు ఆవరణలోని భోజనశాలలలో 2017 డిసెంబరు 29న నిప్పంటుకొని 14 మంది మరణించిరి. పాత కట్టడమునకు కొత్త పని అప్పగించునపుడు రంగు వేయించుటకంటె ముందు విద్యుత్తు తీగలు, బయటికి పోవు దారులు చూడవలెను.

మన సంఘములకును ఖాళీపడిన షెడ్లు, గిడ్డంగులు కలవు. వానిని పెండ్లిండ్ల హాలుగానో, దుకాణములుగానో ఇచ్చుటకు ముందు సభ్యులు మూడు సంగతులు విచారింపవలెను. మొదటిది, ఇంజనీరుచేత కట్టడమును పరీక్ష చేయించుట. రెండవది, ఆసు పోయుటకు, అద్దకమునకు, డిజైను పనికి, అమ్మకమునకు కొంత చోటు కేటాయించుట. ఇంట మగ్గమునకు చోటు చాలని కుటుంబములకు ఇది ఎంతయో మేలు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఎన్ని గజములు, ఎంత అద్దె, ఎన్ని సంవత్సరములు అనునవి సర్వసభ్య సమావేశపు తీర్మానములో స్పష్టముగా వ్రాయించుట, సభ్యుల సమ్మతిలేక అందొక్క మాటయు మారరాదని చేర్చుట.

అద్దె ఎక్కువ ఇచ్చువారు ఎప్పుడైనను వత్తురు. ఒకసారి పోయిన మగ్గపుచోటు తిరిగి రాదు. కావున రాబోవు సమావేశములలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాను.