బియ్యం ప్యాకెట్ మీద నుంచి "క్యాన్సర్" అనే మాట ఎందుకు తీసేశానంటే

పై వీడియోలో నేను పాత స్టిక్కర్లు పీకి కొత్తవి అంటిస్తుంటే చూసి చాలామంది "ఏంటి తమ్ముడూ, బ్రాండ్ మార్చావా?" అని అడిగారు. బ్రాండ్ అదే. మారింది ఒక్క లైను. వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పింది సరిపోలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

మేం నల్ల బియ్యం, నవార, కులాకార్ పండించి ప్యాకింగ్ చేసి నేరుగా అమ్ముతాం. నల్ల బియ్యం ప్యాకెట్ వెనక మూడేళ్ళుగా "క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది" అని ఉండేది. ఎక్కడ చదివి రాశానని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అందరూ రాస్తున్నారు, నేనూ రాశా.

మొన్న వేసవిలో ఒకావిడ ఫోన్ చేశారు. రిటైరైన టీచరు. "బాబూ, మా వారికి డాక్టరు గారు ఇంకా నాలుగు కీమోలు ఉన్నాయన్నారు. ఆయన తట్టుకోలేకపోతున్నారు. మీ బియ్యం మీద రాసి ఉంది కదా, రోజూ అదే పెడితే కీమో ఆపొచ్చా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. "వద్దమ్మా, కీమో మాత్రం ఆపకండి, డాక్టరు గారు చెప్పినట్టే చేయండి. ఆ లైను నేను రాయకుండా ఉండాల్సింది" అని చెప్పేశా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాది అగ్రికల్చర్ డిప్లొమానే, డాక్టర్ని కాదు. కానీ పరిశోధనలు అసలు ఏం చెప్తున్నాయో చదువుకోవడానికి డాక్టరు పట్టా అక్కర్లేదు కదా, కూర్చుని చదివా.

మనవాళ్ళు వాట్సాప్‌లో ఎక్కువగా తిప్పే పరిశోధన ఫ్రాన్స్‌ది, న్యూట్రినెట్ సాంటే అంటారు. 2018లో వచ్చింది. 68,946 మందిని సగటున నాలుగున్నర ఏళ్ళు గమనించారు. ఆర్గానిక్ బాగా ఎక్కువ తినేవాళ్ళలో, బాగా తక్కువ తినేవాళ్ళకంటే క్యాన్సర్లు 25 శాతం తక్కువ కనిపించాయి. ఈ 25 శాతం అందరూ చెప్తారు. అదే పేపర్లో ఉన్న ఇంకో అంకె ఎవరూ చెప్పరు. రెండు గుంపుల మధ్య అసలు తేడా 0.6 శాతం, అంటే వెయ్యి మందికి ఆరుగురు. రెండు అంకెలూ నిజమే. ఒకటి పోస్టర్ మీద బాగుంటుంది, అంతే.

బ్రిటన్‌లో అంతకన్నా చాలా పెద్ద పరిశోధన 2014లోనే వచ్చింది. 6,23,080 మంది ఆడవాళ్ళు, తొమ్మిదేళ్ళకు పైగా. అందులో ఆర్గానిక్ తిన్నవాళ్ళకు మొత్తం మీద క్యాన్సర్ తగ్గలేదు. రొమ్ము క్యాన్సర్ కాస్త ఎక్కువగానే కనిపించింది. ఇది మన గ్రూపుల్లో నాకెప్పుడూ కనిపించలేదు.

ఎందుకిలా? ఆర్గానిక్ కొనేది ఎవరో మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి. నా కస్టమర్లనే చూస్తే, చదువుకున్నవాళ్ళు, నాలుగు డబ్బులున్నవాళ్ళు, పొద్దున్నే నడిచేవాళ్ళు, ఏడాదికోసారి టెస్టులు చేయించుకునేవాళ్ళు. వాళ్ళకు జబ్బు తగ్గితే అది బియ్యం వల్లా, నడక వల్లా? టెస్టులు ఎక్కువ చేయించుకుంటే జబ్బు బయటపడడమూ ఎక్కువే. శాస్త్రవేత్తలు లెక్కల్లో ఇవన్నీ సర్దుతారు గానీ పూర్తిగా సర్దడం కుదరదు. పైగా ఈ రెండిట్లోనూ మనుషుల్ని "మీరు ఆర్గానిక్ ఎంత తింటారు" అని అడిగి రాసుకున్నారు.

అలాగని మనం చేసేది వృథా అనుకోకండి. గట్టిగా తేలిన విషయం ఒకటుంది. 2006లో వచ్చిన అమెరికా పరిశోధనలో సియాటిల్ దగ్గర 23 మంది పిల్లలకు ఐదు రోజులు ఆర్గానిక్ తిండి పెట్టి, రోజూ మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోరిపైరిఫాస్ ఆనవాళ్ళు వెంటనే కనపడకుండా పోయాయి. మామూలు తిండి మళ్ళీ మొదలెట్టగానే తిరిగొచ్చాయి. 2019లో నాలుగు కుటుంబాల మీద ఇలాగే చూస్తే ఆరు రోజుల్లో మందుల ఆనవాళ్ళు సగటున 60 శాతం తగ్గాయి. మనుషులు తక్కువే, కానీ ఇక్కడ అడిగి రాసుకోలేదు, కొలిచారు. ఒంట్లోకి మందు తక్కువ వెళ్తుంది అని ధైర్యంగా చెప్పొచ్చు. దానివల్ల ఫలానా జబ్బు రాదు అని మాత్రం ఇవి చెప్పలేదు. మన ఆంధ్రా పల్లెల్లోనే ప్రకృతి వ్యవసాయం చేసే ఊళ్ళనీ, చేయని ఊళ్ళనీ పోల్చి ఇలాంటి కొలతలే తీసే బ్లూమ్ అనే పరిశోధన ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు పెట్టుకున్నారు. ఆ ఫలితాలు మనకు ఫ్రాన్స్ లెక్కల కంటే దగ్గరగా ఉంటాయి.

చదువుతూ పోతే నన్ను ఆపేసింది మాత్రం తినేవాళ్ళ సంగతి కాదు, కొట్టేవాళ్ళ సంగతి.

అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మందు కొట్టేవాళ్ళనీ, వాళ్ళ ఇంటివాళ్ళనీ కలిపి దాదాపు 89,000 మందిని 1993 నుంచి గమనిస్తున్నారు. అందులోంచి 2011లో వచ్చిన పేపర్ ప్రకారం పారాక్వాట్ కలుపు మందు వాడినవాళ్ళలో పార్కిన్సన్స్, అదే చేతులు వణికే జబ్బు, సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మలాథియాన్‌ను "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే జాబితాలో పెట్టింది. దానికి చూసిన ఆధారాల్లో మందుతో పనిచేసేవాళ్ళ లెక్కలు ముఖ్యమైనవి.

మా నాన్న ఇరవై ఏళ్ళు పత్తికి చేతి పంపుతో కొట్టారు. చొక్కా వీపంతా తడిసిపోయేది. సాయంత్రం తలనొప్పి అని పడుకుంటే అమ్మ ఆ చొక్కానే మా బట్టలతో కలిపి ఉతికేది. అన్నం తినేవాడి పళ్ళెంలోకి వచ్చేది చుక్కలో చుక్క. నాన్న వీపు మీద కారింది ట్యాంకు. ప్రకృతి వ్యవసాయం వల్ల మొదట బాగుపడే ఆరోగ్యం రైతుదీ, రైతు ఇంటిదీ. కస్టమర్‌ది తర్వాత. మనం ప్యాకెట్ మీద దీన్ని ఎప్పుడూ రాయలేదు, ఎందుకంటే దీనికి డబ్బులు రావనుకున్నాం.

ఇంకో సంగతి మనవాళ్ళకు నచ్చదు, అయినా చెప్తా. ఆ 2011 పేపర్లో పారాక్వాట్ పక్కనే రొటెనోన్ కూడా ఉంది. దానికీ అదే రెండున్నర రెట్లు. రొటెనోన్ మొక్కల వేర్ల నుంచి తీసేది, పూర్తిగా సహజం. మన అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. నికోటిన్ తడి చర్మం గుండా లోపలికి వెళ్ళి తల తిప్పుతుంది, వాంతులు చేస్తుంది. ఉత్త చేతుల్తో కలిపేసి అదే చేత్తో బీడీ కాల్చేవాళ్ళని నేను బోలెడుమందిని చూశా. అమెరికా రైతుల్లోనే 2015లో చూస్తే, పారాక్వాట్‌కూ పార్కిన్సన్స్‌కూ సంబంధం గ్లోవ్స్ సరిగ్గా వేసుకోనివాళ్ళలోనే కనిపించింది. జత గ్లోవ్స్‌కు ఎంతవుతుందండీ?

అన్నట్టు, ఆహారం ప్యాకెట్ మీద ఫలానా జబ్బు రాదు, తగ్గుతుంది అని రాయడం 2018 ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం తప్పు కూడా. లైసెన్స్ నంబరు పక్కనే ఆ లైను అచ్చేయించిన ఘనుణ్ణి నేను.

కొత్త స్టిక్కర్ మీద ఇలా రాయించా: "రసాయన మందులు వాడకుండా పండించాం. ఈ పొలంలో పనిచేసినవాళ్ళెవరూ పురుగు మందు పట్టుకోలేదు." మా మిల్లు దగ్గర కుర్రాడు "ఇది చూసి ఎవరు కొంటారన్నా?" అన్నాడు. మొదటి నెల ఆర్డర్లు కాస్త తగ్గాయి, దాచను. టీచరమ్మ మాత్రం నెలకు ఐదు కిలోలు తెప్పించుకుంటూనే ఉన్నారు. ఆయనకు మిగిలిన నాలుగు కీమోలూ అయ్యాయట.

మీ ప్యాకెట్ల వెనక ఏం రాసి ఉందో ఒకసారి తిప్పి చూడండి. వచ్చే వీడియోలో అగ్నిఅస్త్రం మళ్ళీ మొదటి నుంచి చేసి చూపిస్తా, ఈసారి గ్లోవ్స్ వేసుకుని.